పాచిక ఎప్పుడు వేయాలి?

టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆట మాటలతో నడుస్తుంది. బల్ల చుట్టూ కూర్చున్న నలుగురైదుగురిలో ఒకరు గేమ్ మాస్టర్. కథ జరిగే లోకాన్ని వర్ణించడం, అందులోని శత్రువులకూ సత్రం యజమానులకూ గొంతునివ్వడం ఆ వ్యక్తి పని. మిగిలినవాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని, అది ఏం చేస్తుందో చెబుతారు. ‘కోట గోడ ఎక్కుతాను’ అంటారొకరు. ఎక్కగలిగారా, జారిపడ్డారా? పాచిక తేల్చాలా, గేమ్ మాస్టర్ తేల్చాలా, కథకు ఏది బాగుంటుందో చూసి అందరూ తేల్చుకోవాలా? ఈ ఆటల్లో మొదటి నుంచీ ఉన్న చిక్కు ఇదే.

నిజానికి చిక్కు ఈ ఆటల కంటే పాతది. 1824లో ప్రష్యా సైన్యాధికారి రైస్విట్స్ ‘క్రీగ్‌స్పీల్’ అనే యుద్ధక్రీడకు నియమాలు ప్రచురించాడు. పటం మీద దళాలను కదుపుతూ, నష్టాలను పాచికలతో, పట్టికలతో లెక్కగట్టేవారు. లెక్కల భారంతో ఆట నెమ్మదించింది. 1876లో వెర్డి డు వెర్నువా అనే మరో అధికారి పాచికలనూ పట్టికలనూ పక్కనపెట్టి, అనుభవం ఉన్న మధ్యవర్తి తీర్పుకే ఆటను వదిలేయాలన్నాడు. అలా చేస్తే వేగం వస్తుంది. కానీ మధ్యవర్తి ఎంతటివాడో ఆటా అంతటిదే అవుతుంది.

అమెరికాలోని మిన్నెసోటాలో 1969లో డేవిడ్ వెస్లీ నెపోలియన్ కాలపు ఊహా పట్టణం ‘బ్రౌన్‌స్టైన్’లో ఒక ఆట ఆడించాడు. దళాలకు బదులు ఒక్కొక్కరికీ ఒక్కో మనిషి పాత్ర ఇచ్చాడు. యుద్ధం మొదలుకాకముందే ఆటగాళ్లు మంతనాల్లో, కుట్రల్లో మునిగిపోయారు. ఆ బృందంలోని డేవ్ ఆర్నెసన్ ఈ పద్ధతిని ‘బ్లాక్‌మూర్’ అనే మాయాలోకానికి మళ్లించాడు. తర్వాత విస్కాన్సిన్‌కు చెందిన గ్యారీ గైగాక్స్‌తో కలిసి 1974లో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ తెచ్చాడు. ఒక పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు. తొలి ముద్రణ వెయ్యి ప్రతులు.

నియమం కథను ఎలా మలుస్తుందో చూడడానికి ఈ ఆటే మంచి ఉదాహరణ. తొలి రూపంలో పాత్ర ఎదుగుదలకు కావలసిన అనుభవ పాయింట్లు ఎక్కువగా బంగారం తెచ్చినందుకు వచ్చేవి. రాక్షసిని చంపితే దక్కేది తక్కువ. అందుకే తెలివైన ఆటగాళ్లు పోరును తప్పించుకుని, నిధి ఎత్తుకొచ్చే దారులు వెతికేవారు. 2014లో వచ్చిన ఐదో కూర్పులో ప్రధానంగా శత్రువులను ఓడించినందుకే పాయింట్లు. కథ సహజంగానే కత్తి వైపు మొగ్గుతుంది. పుస్తకంలో ఏ పనికి పాయింట్లు రాసి ఉంటే కథ ఆ పని చుట్టూ తిరుగుతుంది కాబట్టి, నియమాలను కథకు అడ్డంకిగా చూడడం పొరపాటు.

అయితే పాచికను వేయకూడని చోట వేస్తే కథ నిలిచిపోతుంది. శాండీ పీటర్సన్ రూపొందించిన ‘కాల్ ఆఫ్ క్తుల్హు’ 1981లో వచ్చింది. భయానక రహస్యాలను ఛేదించే ఆట ఇది. పాత్ర నైపుణ్యం 40 అయితే, 1 నుంచి 100 లోపు అంకెల్లో 40 గానీ అంతకన్నా తక్కువ గానీ పడాలి. పాత దస్తావేజుల్లో దాగిన ఆధారం కోసం పాచిక వేసి ఓడితే? పరిశోధన అక్కడితో సరి. గేమ్ మాస్టర్ ఏదో వంక చూపి ఆ ఆధారాన్ని చేతికివ్వాల్సి వస్తుంది. రాబిన్ లాస్ రూపొందించిన ‘గమ్‌షూ’ పద్ధతి ఈ ముడిని సూటిగా విప్పింది. 2008లో కెనెత్ హైట్ దాని ఆధారంగా ‘ట్రెయిల్ ఆఫ్ క్తుల్హు’ రాశాడు. ఈ పద్ధతిలో తగిన నైపుణ్యం ఉన్నవాడు సరైన చోట వెతికితే కీలక ఆధారం దొరికి తీరుతుంది. దాని అర్థమేమిటి, దానితో ఏం చేయాలి అన్నదే ఆటగాళ్లకు మిగిలే పరీక్ష.

విన్సెంట్ బేకర్ 2010లో తెచ్చిన ‘అపోకలిప్స్ వరల్డ్’ మరో దారి పట్టింది. ఆరు ముఖాల పాచికలు రెండు వేస్తారు. మొత్తం 10 గానీ పైన గానీ వస్తే అనుకున్నది జరుగుతుంది. 7 నుంచి 9 అయితే పని అవుతుంది, కానీ ఏదో ఒక మూల్యం చెల్లించాలి. 6 లేదా తక్కువైతే గేమ్ మాస్టర్ కథను కొత్త ఆపదలోకి తిప్పుతారు. ఏ అదనపు అంకె కలపకపోతే 36 కలయికల్లో ఆరింటికే పూర్తి విజయం; 15 కలయికలు ఆ మధ్య మెట్టు మీదే ఆగుతాయి. ఏ అంకె పడినా కథ కదలాల్సిందే. గత అర్ధశతాబ్దంలో ఈ రంగంలో వచ్చిన మేలైన ఆలోచనల్లో ఇదొకటి.

అడ్డుతెర చాటున పాచిక వేసి, పడిన అంకెను గేమ్ మాస్టర్ మార్చి చెప్పడం చాలా బల్లల దగ్గర ఉన్న అలవాటే. ఇష్టమైన పాత్ర అర్థం లేకుండా చనిపోకూడదన్న మంచి ఉద్దేశమే దీని వెనుక ఉంటుంది. కానీ ఆ సంగతి పొక్కితే తర్వాతి ఏ గెలుపునూ ఆటగాళ్లు నమ్మలేరు. చావుకు సిద్ధంగా లేనప్పుడు పాచిక వేయకపోవడం, లేదా ‘ఓడితే ఏం పోతుంది’ అన్నది వేయడానికి ముందే చెప్పడం నిజాయితీ గల పద్ధతి.

ఎపిడయా రావషోల్ రూపొందించిన ‘డ్రెడ్’లో దాచడానికి ఏమీ ఉండదు. పాచికలకు బదులు బల్ల మధ్య చెక్కముక్కలు పేర్చిన జెంగా గోపురం నిలబడుతుంది. ప్రమాదకరమైన పని చేయాలంటే అందులోంచి ఒక చెక్కముక్క లాగాలి. కథ ముదిరేకొద్దీ గోపురం ఊగుతుంది, పాత్ర భయం ఆటగాడి వేళ్లలోకి దిగుతుంది. గోపురం కూలితే ఆ పాత్ర కథలోంచి వెళ్లిపోతుంది. ఆటగాడు తనంత తానే దాన్ని పడగొట్టవచ్చు కూడా. అప్పుడు ఆ పాత్ర తలపెట్టిన పని నెరవేర్చి మరీ వెళ్లిపోతుంది.