చెవిలో పాట సరే... పిలుపు మాటేమిటి?

ఈ రోజుల్లో ఏ వంటింట్లోకి తొంగిచూసినా ఇల్లాలి చెవిలో ఏదో ఒకటి కనపడుతూనే వుంది. పొయ్యి మీద పప్పు ఉడుకుతూ వుంటుంది, చెయ్యి కూర తరుగుతూ వుంటుంది, చెవిలో ప్రవచనమో, పాత పాటో, హైదరాబాదులో చదువుకుంటున్న అమ్మాయి కబుర్లో సాగుతూ వుంటాయి. తప్పేముంది చెప్పండి? చేతులు రెండూ పనిలో వుంటే ఫోను పట్టుకునేదెలా? మెడకీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని మాట్లాడి, మెడ పట్టేసి, తైలాలు రాసుకున్నవాళ్ళలో నేనూ ఒకదాన్నే. అందుకే తీగలేని హెడ్‌ఫోన్లంటే నాకూ మోజు పుట్టింది.

ఏది కొనాలో, ఎలా కొనాలో చెప్పేముందు ఆ మోజు నాకు నేర్పిన పాఠం చెబుతాను. వినండి.

ఆ మధ్యాహ్నం ఏం జరిగిందంటే...

నేను మొదట కొన్నది 499 రూపాయల జత. అయిదో నెలలో ఎడమ చెవిది మూగబోయింది. కొట్టుకి తీసుకెళితే "బిల్లు లేనిదే మేమేం చెయ్యలేమండీ" అన్నారు. బిల్లు అడిగి తీసుకోకపోవడం నా తెలివితక్కువ. రెండోసారి 799 పెట్టి ఇంటికే తెప్పించుకున్నాను. చెవిలో బిరడాలా దూరిపోయే రకం. పెట్టుకుంటే బయటి లోకంతో పనే లేదు!

పోయిన కార్తీకమాసంలో ఒక మధ్యాహ్నం. మావారు ఆఫీసుకీ, మా అబ్బాయి కాలేజీకీ వెళ్ళారు. ఇంట్లో నేనూ, మా మామయ్యగారూ. ఆయనకి 78 ఏళ్ళు. నేను రెండు చెవుల్లోనూ పెట్టుకుని కొబ్బరి పచ్చడి రుబ్బుతున్నాను. మిక్సీ చప్పుడికి పాట సరిగ్గా వినపడక సౌండు ఇంకాస్త పెంచాను. పచ్చడి అయింది, పోపూ పెట్టాను, గిన్నెలు కడిగాను. మజ్జిగ ఇద్దామని ఆయన గదిలోకి వెళితే మంచం ఖాళీ. బాత్‌రూమ్‌లో కాలు జారి, లేవలేక, గోడకి ఆనుకుని కూర్చుని వున్నారు. దాదాపు ఇరవై నిమిషాలు!

ఎముకలేం విరగలేదు. మడమ బెణికింది, అంతే. "పిలిచానమ్మా... పనిలో వున్నావు కాబోలు అనుకున్నాను" అన్నారాయన. నాలుగు తిట్టివుంటే బావుండేది. ఆ మాటకి నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

రెండు నెలలు వాటిని ముట్టుకోలేదు. ఆ తర్వాత అమ్మాయి ఫోన్లు, మెడనొప్పి మళ్ళీ మామూలే. అప్పుడు ఆలోచించాను. వస్తువుది తప్పు కాదు, తెలియక కొన్నదీ నేనే, తెలియక వాడిందీ నేనే అని. మా అబ్బాయిని అడిగి, నాలుగు కొట్లు తిరిగి, డబ్బాల మీద రాసింది చదివి తెలుసుకున్నదే మీకిప్పుడు చెబుతున్నాను.

వంటింటి వస్తువే!

ఈనాటి తరహా హెడ్‌ఫోన్ తయారైంది వంటింట్లోనేనట! అమెరికాలోని యూటా రాష్ట్రంలో నథానియేల్ బాల్డ్విన్ అనే ఆయన తన ఇంటి వంటగదిలో కూర్చుని వీటిని తయారుచేసి, 1910లో అమెరికా నావికాదళానికి అమ్మాడు. తీగ లేకుండా ఫోనుకీ దీనికీ సంబంధం కలిపే బ్లూటూత్‌కి ఆ పేరు పదో శతాబ్దంలో డెన్మార్క్‌ని ఏలిన ఒక రాజుగారి మారుపేరు నుంచి వచ్చింది. ఆయన విడివిడిగా వున్నవాళ్ళని కలిపాడట, ఇది వస్తువుల్ని కలుపుతుంది. 2016 తర్వాత ఫోన్లలో తీగ గుచ్చే కన్నం తీసెయ్యడం మొదలయ్యాక ఇవి ఇంటింటికీ వచ్చేశాయి.

మూడు రకాలు - మనకేది?

ఇయర్‌బడ్స్: రెండు చిన్న గింజలు, వాటికో డబ్బా. ఆ డబ్బాలో పెడితేనే చార్జింగు ఎక్కుతుంది. చూడ్డానికి ముచ్చటగా వుంటాయి. కానీ తల వంచితే జారి సింకులో పడతాయి. నావి ఒకసారి పోపుల పెట్టెలో ఆవాల మధ్య దొరికాయి! ఒకటి పోతే రెండోది వున్నా దిగులే. చాలావాటికి తాకితే పనిచేసే మీటలు వుంటాయి. శనగపిండి చేత్తో, తడి చేత్తో తాకితే ఒకటనుకుంటే ఇంకొకటి అవుతుంది. ఒక మంచి గుణం మాత్రం వుంది. చాలావాటిని ఒక్కటే పెట్టుకుని కూడా వాడుకోవచ్చు.

నెక్‌బ్యాండ్: మెడ చుట్టూ పట్టీ, దానికి రెండు చిన్న తీగలతో గింజలు. చెవిలోంచి తీసినా మెడలోనే వుంటాయి, పోయే భయం లేదు. నొక్కే మీటలు వుంటాయి కాబట్టి తడి చెయ్యి అయినా ఫర్వాలేదు. బ్యాటరీ కాస్త పెద్దది కాబట్టి ఒకసారి చార్జింగు పెడితే ఎక్కువసేపు వస్తుంది. ఒక్క ఇబ్బంది ఏమిటంటే, గింజల చివర అయస్కాంతం వుంటుంది. అది పమిటకి పెట్టుకున్న పిన్నీసుకి టక్కున అతుక్కుంటుంది! ఇంట్లో ఎవరికైనా గుండెకి పేస్‌మేకర్ వుంటే ఈ అయస్కాంతాలు ఛాతీకి 15 సెంటీమీటర్లయినా దూరంగా వుంచాలి. వాళ్ళు డాక్టరుగారిని అడిగిన తర్వాతే వాడాలి.

చెవి మొత్తం మూసే పెద్ద హెడ్‌ఫోన్లు: చదువుకునే పిల్లలకి బావుంటాయి. మనకి మాత్రం దుద్దులు ఒత్తుకుంటాయి, పొయ్యి దగ్గర చెమట పడుతుంది, కొప్పు పెట్టుకుంటే కుదరదు.

ఇంట్లో పని చేసుకునే ఆడవాళ్ళకి నా ఓటు నెక్‌బ్యాండ్‌కే. ఎప్పుడూ ఒక చెవితోనే వినే అలవాటున్నవాళ్ళు ఇయర్‌బడ్స్ తీసుకోవచ్చు.

డబ్బా మీద అక్షరాలకి అర్థం

కొట్లో డబ్బా చేతికిస్తే దాని మీద అన్నీ పొడి అక్షరాలే. భయపడకండి. మనకి కావలసినవి కొన్నే.

* ఇ.ఎన్.సి. అంటే మనం ఫోన్లో మాట్లాడుతుంటే వెనకాల వున్న కుక్కరు కూతలు, ఫ్యాను రొద అవతలివాళ్ళకి తక్కువగా వెళ్ళేటట్టు చేసేది. ఫోన్లు ఎక్కువ మాట్లాడేవాళ్ళకి ఇది అవసరం.

* ఎ.ఎన్.సి. అంటే బయటి చప్పుడు మనకే వినపడకుండా చేసేది. దీనికి ధర ఎక్కువ. బస్సుల్లో, రైళ్ళలో తిరిగేవాళ్ళకి సుఖం. వంటింట్లో మాత్రం నాలాంటి పొరపాటుకి దారి. దీనికోసం అదనంగా డబ్బు పెట్టొద్దు. ఈ రెండూ ఒకటేనని కొట్లలో చెబుతూ వుంటారు. కాదు సుమండీ!

* ఐ.పి.ఎక్స్. 4 అంటే ఏ వైపు నుంచి నీటి తుంపరలు పడ్డా తట్టుకుంటుంది. చెమటకీ, కుళాయి చిందులకీ ఇది చాలు. ఐ.పి.ఎక్స్. 7 అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట వున్నా తట్టుకునేది. కానీ ఈ నంబర్లు మామూలు నీళ్ళకే, వేడి ఆవిరికి కాదు. ఇడ్లీపాత్ర మూత తీసేటప్పుడు మొహం దూరంగా పెట్టండి. ఇయర్‌బడ్స్‌కి ఈ నంబరు వున్నా వాటి డబ్బాకి చాలాసార్లు వుండదు.

* "40 గంటలు" అని పెద్ద అక్షరాలతో వుంటుంది. ఇయర్‌బడ్స్‌కైతే అది డబ్బాలో వున్న చార్జింగు కూడా కలిపిన లెక్క. ఒకసారి చెవిలో పెడితే ఎన్ని గంటలు వస్తుందో అడగండి. ఆ లెక్క కూడా సౌండు సగంలో పెట్టి వేసిందే.

* "ఎక్స్‌ట్రా బాస్" అంటే డప్పు మోత ఎక్కువ. కుర్రకారుకి ఇష్టం. ప్రవచనాలు, కథలు, ఫోను మాటలు వినే మనకి మాట స్పష్టంగా వుంటే చాలు.

* చార్జింగు కన్నం టైప్-సి వుండేది చూసుకోండి. చాలా కొత్త ఫోన్లదీ అదే, ఇంట్లో ఒక్క తీగ సరిపోతుంది.

కొనేముందు అయిదు పరీక్షలు

ఒకటి, డబ్బా మీద బి.ఐ.ఎస్. గుర్తూ, దాని కింద ఆర్ అక్షరం తర్వాత ఎనిమిది అంకెల నంబరూ వుండాలి. తీగలేని హెడ్‌ఫోన్లకి మన దేశంలో ఇది తప్పనిసరి. ఫోన్లో బి.ఐ.ఎస్. కేర్ అనే యాప్‌లో ఆ నంబరు కొడితే తయారుచేసిన కంపెనీ వివరాలు వస్తాయి. గొలుసు కొనేటప్పుడు హాల్‌మార్కు చూసుకోమూ? ఇదీ అంతే.

రెండు, కొట్లోనే పెట్టుకుని తల అటూ ఇటూ ఊపండి, కింద పడిన వస్తువు తీస్తున్నట్టు వంగండి. జారితే అందులో ఇచ్చే చిన్న, మధ్య, పెద్ద రబ్బరు తొడుగుల్లో వేరేది వేసి చూడండి. మన చెవులకి చాలాసార్లు చిన్నదే నప్పుతుంది.

మూడు, అక్కడి నుంచే ఇంటికి ఫోను చేసి "నా మాట ఎలా వినపడుతోంది?" అని అడగండి. బజారు రొదలో మాట స్పష్టంగా వినపడితే వంటింట్లోనూ వినపడుతుంది.

నాలుగు, దుద్దులు, మాటీలు వుండగానే పది నిమిషాలు పెట్టుకుని చూడండి.

అయిదు, తేదీ వేసిన బిల్లు తీసుకోండి. చాలావాటికి ఏడాది వారంటీ వుంటుంది. మీ వూళ్ళో గానీ దగ్గర పట్నంలో గానీ సర్వీసు సెంటరు వుందేమో కనుక్కోండి. బిల్లుని ఫోన్లో ఫొటో తీసుకుంటే ఇక పోదు. వారంటీ వుండి కూడా పట్టించుకోకపోతే 1915 నంబరుకి ఫోను చేసి ఫిర్యాదు చెయ్యొచ్చు. అది వినియోగదారుల కోసం ప్రభుత్వం పెట్టిన నంబరు.

ధర మాటకొస్తే, వెయ్యికీ పదిహేను వందలకీ మధ్య మన అవసరానికి సరిపోయేవి దొరుకుతున్నాయి. నా లెక్క చూడండి. 499, 799 కలిపితే 1,298. రెండూ మూలపడ్డాయి. మా ఇంటికి మూడు వారాల పాల డబ్బులు! చివరికి 1,199 పెట్టి కొన్న నెక్‌బ్యాండ్ శుభ్రంగా పనిచేస్తోంది. మొదటే అది కొనుంటే ఆ 1,298 మిగిలేవి.

చెవి మళ్ళీ రాదు

వస్తువు పాడైతే ఇంకోటి కొనుక్కోవచ్చు. చెవి పాడైతే? ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్ళు 80 డెసిబెల్స్ సౌండుని వారానికి 40 గంటల దాకా వినొచ్చు. అదే 90కి పెంచితే వారం మొత్తానికి 4 గంటలే. 100 అయితే వారానికి 20 నిమిషాలే! పిల్లలకి ఇంకా తక్కువ, 75 డెసిబెల్స్ దాటకూడదు.

మనం చేసే తప్పేమిటంటే మిక్సీ వేసినప్పుడు, చిమ్నీ పెట్టినప్పుడు దాన్ని మించి సౌండు పెంచుతాం. మిక్సీ చప్పుడే 80, 90 డెసిబెల్స్ దాకా వుంటుంది. మిక్సీ ఆపాక తగ్గించడం మర్చిపోతాం. అందుకని మిక్సీ వేసేటప్పుడు పాట ఆపెయ్యండి. రెండు నిమిషాల పని! మిగతా సమయంలో ఫోన్లో సౌండు గీత సగం మీద కాస్త, అంటే నూటికి అరవై దాటనివ్వకండి. చెవిలో గుయ్యిమని మోత వచ్చినా, చీము కారుతున్నా, నొప్పి వున్నా వాడకం ఆపేసి చెవి డాక్టరుకి చూపించుకోండి.

పెద్దవాళ్ళకి వినికిడి తగ్గిందని హెడ్‌ఫోన్ కొనిచ్చి సౌండు పెంచి సరిపెట్టకండి. అది వినికిడి యంత్రం కాదు. పరీక్ష చేయించడమే మంచిది.

ఇవి గుర్తు పెట్టుకోండి

* ఇంట్లో పసిపిల్లలు, పెద్దవాళ్ళు వున్నప్పుడు, పొయ్యి వెలుగుతున్నప్పుడు ఒక చెవి ఖాళీగా వుంచండి. కుక్కరు కూతా, పాలు పొంగే చప్పుడూ, మనిషి పిలుపూ ఆ చెవికే.

* పొద్దున్నే నడకకి వెళ్ళినప్పుడూ అంతే. వెనక నుంచి బండి వస్తున్న చప్పుడు వినపడాలి. గొలుసు దొంగల భయమూ వుందాయె. స్కూటీ మీద, పట్టాల దగ్గర అసలే వద్దు.

* మైక్రోవేవ్ పెట్టినప్పుడు పాట తెగి తెగి వస్తే హెడ్‌ఫోన్ చెడిపోయిందని కంగారుపడకండి. రెండూ దాదాపు ఒకే రకం తరంగాల మీద నడుస్తాయి. నాలుగడుగులు పక్కకి జరిగితే చాలు.

* వారానికోసారి రబ్బరు తొడుగులు తీసి సబ్బునీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరాక తొడగండి. గింజల్ని పొడిగుడ్డతోనే తుడవాలి. గులిమి పేరుకుంటే సౌండు తగ్గుతుంది. ఒకరివి ఒకరు పెట్టుకోవద్దు.

* పొయ్యి గట్టు మీద, ఎండ తగిలే కిటికీలో పెట్టకండి. దిండు కింద పెట్టి చార్జింగు చెయ్యకండి. లోపల వున్నది లిథియం బ్యాటరీ. పాడైన వాటిని తడిచెత్తలో వెయ్యకుండా పాత ఎలక్ట్రానిక్ సామాన్లు తీసుకునేవాళ్ళకి ఇవ్వండి.

మా మామయ్యగారి మంచం దగ్గర ఇప్పుడొక బెల్లు పెట్టాం, బాత్‌రూమ్‌లో పట్టుకునే కడ్డీ బిగించాం. అయినా ఆయన బెల్లు కొట్టరు, "అమ్మాయ్" అనే పిలుస్తారు. నా కుడి చెవిలో పాట వస్తూ వుంటుంది, ఎడమ చెవికి ఆ పిలుపు వినపడుతుంది. మొదటి పిలుపుకే "వస్తున్నా మామయ్యగారూ" అంటాను.

మీరూ కొనుక్కోండి, హాయిగా వినండి. ఒక చెవి మాత్రం ఇంటికి వదిలిపెట్టండి. ఏమంటారు?