పుట్టింటి చీరకు సుంకమా?

మంగళగిరి నిజాం అంచు చీరకు మన గుంటూరు జిల్లాలో వెల తెలుసుకోవడం సులభమే. అదే చీర అమెరికాలోని అమ్మాయి గుమ్మం చేరేసరికి ఎంతవుతుంది? అక్కడే వున్నది చిక్కు!

2016 మొదలు అమెరికాలో 800 డాలర్ల లోపు పార్సెలుకు సుంకం వుండేది కాదు. డల్లాసులోని తెలుగు ఇల్లాలు ఇంటర్నెట్టులో చీర ఎంచుకొని, డబ్బు కట్టి, నిశ్చింతగా వుండేది. 2025 ఆగస్టు 29న ఆ మినహాయింపు పోయింది. మన తపాలా శాఖ అంతకు నాలుగు రోజుల ముందే చాలా పార్సెళ్లు తీసుకోవడం మానివేసి, అక్టోబరు 15న తిరిగి ప్రారంభించింది. అప్పటి సుంకం వెలలో సగం! 120 డాలర్ల చీరకు 60 డాలర్లన్నమాట. తపాలాలో ఆ సొమ్ము ఇక్కడే ముందుగా కట్టించుకున్నారు. కొరియరులో అయితే తరచు బిల్లు అందుకునేవారికే వెళుతుంది. పైన కంపెనీ రుసుము కూడా.

100 డాలర్ల లోపు కానుకలను మాత్రం విడిచిపెట్టారు. అంతమాత్రాన అమ్మాయి డబ్బిచ్చి కొనుక్కున్న చీర మీద ‘కానుక’ అని వ్రాయించడం తగదు. అది అబద్ధపు వాఙ్మూలమే అవుతుంది.

సుంకం రేట్లు నిలకడగా వుండవు. కనుక వెల అడిగినప్పుడే ‘సుంకం ఎవరు కడతారు?’ అని కూడా అడగండి. జవాబు వ్రాతపూర్వకంగా తీసుకోండి. అప్పుడు పుట్టింటి చీర ముట్టినవేళ అమ్మాయి ముఖాన సంతోషమే కాని ఆశ్చర్యం వుండదు.