మేకకాళ్లు లేని సాటిర్, మరణమున్న నింఫ్

పదేళ్లుగా నేనొక లోకం కట్టుకుంటున్నాను. నాలుగు నోటుపుస్తకాల్లోనూ పెన్సిల్‌తో గీసిన ఒక పటంలోనూ ఉందది. అందులో ఒక నది, మూడు కొండలు, సముద్రం మధ్య ఒక దీవి. చిన్నప్పుడు చదివిన గ్రీకు కథల్లోంచి దీవికి ఒక మాయలాడిని, నదికి నింఫ్‌లను, కొండలకు సాటిర్‌లను తెచ్చుకున్నాను. ఈమధ్య మొదటి నోటుపుస్తకం తిరగేస్తే అందులో నేను ఊహించినది దాదాపు ఏమీ లేదని తెలిసింది. మాయలాడి చేతిలో విషపాత్ర, నింఫ్‌లందరికీ ఒకటే మొహం, సాటిర్‌కు మేకకాళ్లు. అవన్నీ పందొమ్మిదో శతాబ్దపు యూరప్ చిత్రకారులు గీసిన బొమ్మలు. సినిమాలూ వీడియో గేములూ వాటినే మళ్లీ మళ్లీ చూపిస్తే నా కళ్లలో నిలిచిపోయాయి.

ఫాంటసీ రాస్తున్న కుర్రవాళ్లు నాకు చూపించే కథల్లోనూ ఇవే బొమ్మలు కనిపిస్తున్నాయి. పాత కథను మార్చొద్దని నేననను. మార్చే ముందు అక్కడ ఉన్నదేమిటో ఒకసారి చూడమంటాను. మనం అరువు తెచ్చుకున్న బొమ్మ కంటే అసలుదే ఎన్నో రెట్లు వింతగా ఉంటుంది.

అపోహ: కిర్కే మగవాళ్లను వలలో వేసుకునే దుష్ట మంత్రగత్తె

ఇంగ్లీషువాళ్లు సర్సీ అంటారు, గ్రీకులో కిర్కే. సూర్యదేవుడు హీలియోస్ కూతురు. హోమర్ ‘ఒడిస్సీ’ పదో సర్గలో, ట్రాయ్ యుద్ధం ముగిశాక ఇంటికి వెళ్తున్న ఒడిస్సియస్ నావికులు ఇరవై ఇద్దరు యూరిలోకస్ వెంట ఆమె ఇంటికి వెళ్తారు. ఆమె లోపల పాడుకుంటూ మగ్గం నేస్తుంటుంది. లోపలికి పిలిచి, జున్ను, యవల పిండి, తేనె, ద్రాక్షసారా కలిపి పెడుతుంది. అందులో మందు కలిపి, తిన్నాక బెత్తంతో తట్టి పందుల్ని చేస్తుంది. ఒళ్లు పందిదే గానీ బుద్ధి మాత్రం మనిషిదే. అనుమానం వచ్చి గుమ్మం బయటే ఆగిపోయిన యూరిలోకస్ ఒక్కడే తప్పించుకుంటాడు.

ఆమె ఎందుకలా చేసిందో హోమర్ చెప్పడు. ఆ ఖాళీని తర్వాతివాళ్లు తమకు తోచినట్టు నింపారు. రోమన్ కవి ఓవిడ్ అసూయతో నింపాడు. అతని కథలో కిర్కే తన ప్రేమకు అడ్డొచ్చిన స్కిల్లాను భయంకర జంతువుగా మారుస్తుంది. 1892లో చిత్రకారుడు వాటర్‌హౌస్ గీసిన కిర్కే ఆ ఓవిడ్ కిర్కేనే, నీళ్లలో ఆకుపచ్చ విషం పోస్తూ ఉంటుంది. మనకు గుర్తుండిపోయింది ఈమె. హోమర్ కిర్కేను మరిచిపోయాం.

హోమర్ దగ్గర కథ పందులతో అయిపోదు. హెర్మెస్ దేవుడు ఇచ్చిన మోలీ అనే మూలిక వల్ల ఒడిస్సియస్‌కు ఆమె మందు ఎక్కదు. దానికి వేరు నలుపు, పువ్వు పాలతెలుపు. అతను కత్తి దూసి, తనకు కీడు చేయనని ఆమె చేత ఒట్టు వేయించుకుంటాడు. ఆమె ఆ ఒట్టు తప్పదు. పందుల్ని మళ్లీ మనుషుల్ని చేసినప్పుడు వాళ్లు మునుపటి కంటే పడుచుగా, పొడుగ్గా, అందంగా తయారవుతారు. ఏడాది పాటు అందరికీ తిండి పెడుతుంది. ఇంటికి వెళ్దామని ఒడిస్సియస్‌కు గుర్తుచేయాల్సింది అతని మనుషులే. బయల్దేరేటప్పుడు ప్రేతలోకానికి ఎలా వెళ్లాలో, పాటతో నావికుల్ని లాగే సైరన్‌ల దగ్గర చెవుల్లో మైనం ఎలా పెట్టుకోవాలో, స్కిల్లాను ఎలా దాటాలో చెప్పేదీ ఆమే. కిర్కే లేకపోతే ఒడిస్సియస్ ఇల్లు చేరడు.

గ్రీకులో ఆమె కలిపిన దాన్ని ఫార్మకాన్ అంటారు. ఇంగ్లీషులోకి తేవాలంటే విషమా, ఔషధమా, వశీకరణమా అని అనువాదకులు ఏదో ఒకటి ఎంచుకోవాల్సి వస్తుంది. మనకా తిప్పలు లేవు, ‘మందు’ ఉంది. జ్వరానికి వేసుకునేది మందే, పొలంలో పురుగులకు కొట్టేది మందే, సాయంత్రం సీసాలోంచి వంపుకునేదీ మందే. ‘కోడలు కొడుక్కి మందు పెట్టింది’ అని అత్తగారు అంటే అదేమిటో ఎవరికీ వివరించక్కర్లేదు. కిర్కేను అర్థం చేసుకోవడానికి తెలుగువాడికి ఇంతకంటే దగ్గరి దారి లేదు. ఆమె మందు తెలిసిన మనిషి. పందిని చేసే చెయ్యీ, పడుచుదనం తిరిగి ఇచ్చే చెయ్యీ ఒకటే.

మంత్రగత్తె అన్న మాటను మన దగ్గర తేలిగ్గా వాడకూడదని కూడా నాకనిపిస్తుంది. తెలంగాణలో బాణామతి అని, ఆంధ్రలో చిల్లంగి అని అనుమానం పుట్టించి మనుషుల్ని కొట్టి చంపిన సంఘటనలు మన కాలంలోనే జరిగాయి. కథలో ఆ పాత్రను రాసేవాళ్లు, ఆమెకు ‘దుష్ట’ అని ముందే పేరు పెట్టిందెవరో కూడా రాయాలని కోరుకుంటాను.

అపోహ: నింఫ్ అంటే అప్సరస. అందం, చిరయౌవనం, అమరత్వం

ఈ అనువాదం మన పుస్తకాల్లో పాతుకుపోయింది. అప్సరస ఇంద్రసభకు చెందినది. ఎవరి తపస్సో భంగం చేయమని పైనుంచి ఆజ్ఞ వస్తే మేనకలా కిందికి దిగుతుంది. నింఫ్‌ది అలాంటి కొలువు కాదు, ఆమెకు ఒక చోటు ఉంటుంది. ఫలానా ఊట, ఫలానా చెట్టు, ఫలానా కొండ. ఆ చోటు నుంచి ఆమెను వేరు చేయలేం. ఊటల్లో, వాగుల్లో ఉండేవాళ్లు నాయడ్‌లు, చెట్ల వాళ్లు డ్రయడ్‌లు, కొండల వాళ్లు ఓరియడ్‌లు. మన వైపు పోలిక వెతకాలంటే స్వర్గం దాకా పోనక్కర్లేదు. చెరువు కట్ట మీద కట్టమైసమ్మ దగ్గర ఆగితే చాలు. ఇద్దరూ ఒకటే అనను. కానీ ఈ నీళ్లకు ఒక అమ్మ ఉంది, ఆమెను అడగకుండా తోడుకోకూడదు అన్న భావన రెండు చోట్లా ఉంది. సిసిలీలోని సిరక్యూజ్‌లో సముద్రం ఒడ్డునే మంచినీటి ఊట ఒకటి ఇప్పటికీ ఉంది. దాని నింఫ్ అరెథూసా మొహాన్ని ఆ నగరం తన నాణేల మీద ముద్రించుకుంది.

గ్రీకులో నింఫే అంటే పెళ్లికూతురు, పెళ్లీడుకొచ్చిన పిల్ల అని అర్థం. ఆథెన్స్ అక్రోపొలిస్ కొండ దిగువన నింఫే గుడిలో పెళ్లిస్నానానికి నీళ్లు మోసే పొడుగు మెడ కుండలు గుట్టలుగా దొరికాయి. పెళ్లిళ్లు అయ్యాక ఆడపిల్లలు అక్కడ సమర్పించుకున్నవి అవి.

ఇక అమరత్వం సంగతి. నా లోకాన్ని పూర్తిగా మార్చేసింది ఇదే. అఫ్రొడైటీ మీద ఒక పాత స్తోత్రం ఉంది, హోమర్ పేరు మీద చలామణీలో ఉన్నది. కొండ నింఫ్‌లను మనుషుల్లోనూ దేవతల్లోనూ లెక్కించరని అది చెబుతుంది. వాళ్లు పుట్టినప్పుడే దేవదారులు, సింధూరాలు నేలలోంచి మొలుస్తాయి. చావు దగ్గరపడితే ముందు చెట్టు ఎండుతుంది, బెరడు ముడుచుకుంటుంది, కొమ్మలు రాలుతాయి, ఆ పైన చెట్టు ప్రాణం, ఆమె ప్రాణం కలిసే పోతాయి. వాళ్ల ఆయుష్షుకు గ్రీకు కవి హెసియడ్ పేరు మీద ఒక లెక్క కూడా ఉంది, దాన్ని ప్లూటార్క్ అనే రచయిత భద్రపరిచాడు. కాకికి మనిషివి తొమ్మిది ఆయుష్షులు, దుప్పికి కాకివి నాలుగు, బొంతకాకికి దుప్పివి మూడు, ఫీనిక్స్‌కు బొంతకాకివి తొమ్మిది, నింఫ్‌కు ఫీనిక్స్‌వి పది. అన్నీ గుణిస్తే 9,720 వస్తుంది. ప్లూటార్క్ సంభాషణలో పెద్దమనుషులు కూర్చుని, ఆ ఒక్కో ఆయుష్షును ఎన్నేళ్లుగా తీసుకోవాలని వాదించుకుంటారు. లోకం కట్టుకునేవాడికి ఇంతకంటే సంతోషం కలిగించే పేజీ నేను చదవలేదు.

మరణం ఉన్న నింఫ్‌కు భయం ఉంటుంది. ఆ భయం నుంచి కథ పుడుతుంది. గొడ్డలి పట్టుకుని అడవిలోకి వచ్చేవాడు ఆమెకు ఎవరు? వేసవిలో వాగు ఎండినప్పుడు ఆమె ఎక్కడికి పోతుంది? నా నోటుపుస్తకంలో మొదట పదిహేడు మంది నింఫ్‌లు ఉండేవాళ్లు. ఇప్పుడు ముగ్గురే. కానీ ఒక్కొక్కరి నీళ్ల రుచి ఏమిటో నాకు తెలుసు.

అందరూ ఒకేలా ఉండటం కూడా బొమ్మల నుంచే వచ్చింది. వాటర్‌హౌస్ 1896లో గీసిన ‘హైలస్ అండ్ ది నింఫ్స్’లో కొలనులో ఏడుగురు అమ్మాయిలు, అందరిదీ దాదాపు ఒకే పోలిక. గ్రీకు కవి థియొక్రిటస్ అదే కథ చెప్పినప్పుడు ముగ్గురే ఉన్నారు, ముగ్గురికీ వేర్వేరు పేర్లున్నాయి. ఇక ‘ఒడిస్సీ’లో ఒడిస్సియస్‌ను తన దగ్గర ఉంచుకున్న నింఫ్ కాలిప్సోకు పేరే కాదు, గట్టి నోరూ ఉంది. ఒడిస్సియస్‌ను పంపించెయ్యమని దేవుళ్లు కబురు పెడితే ఆమె నిలదీస్తుంది. దేవతలమైన మేం ఒక మనిషిని ఉంచుకుంటే మీరు ఓర్వలేరా అని అడుగుతుంది. దేవతలు కోరుకున్నందుకు చచ్చిపోయిన మగవాళ్ల పేర్లు చెప్పి మరీ అడుగుతుంది. ఇరవై ఏడు శతాబ్దాల నాటి పద్యంలో ఉన్న వాదన ఇది.

అపోహ: సైరన్‌లకు చేపతోక, గొంతులో మోహం

సాగరకన్య అనగానే మనకు చేపతోకే కళ్లకు కడుతుంది. కానీ క్రీ.పూ. అయిదో శతాబ్దపు గ్రీకు కుండల మీద సైరన్‌కు ఉన్నది ఆడ తల, పక్షి శరీరం. చేపతోక మధ్యయుగంలో వచ్చి చేరింది. హోమర్ వాళ్ల రూపం వర్ణించనే లేదు. వాళ్లు ఒడిస్సియస్‌కు ఆశ చూపేదీ శరీరం కాదు. ట్రాయ్‌లో జరిగినదంతా మాకు తెలుసు, భూమి మీద జరిగే ప్రతిదీ మాకు తెలుసు, వచ్చి విను అంటారు. అంటే ఎర వేసింది జ్ఞానంతో.

అపోహ: సాటిర్ అంటే మేకకాళ్ల తాగుబోతు

మేకకాళ్లు పాన్ దేవుడివి. అతను అర్కేడియా కొండల పశువుల దేవుడు. చరిత్రకారుడు హెరొడొటస్ చెప్పిన ప్రకారం, క్రీ.పూ. 490 మారథాన్ యుద్ధం తర్వాతే ఆథెన్స్‌వాళ్లు అతనికి అక్రోపొలిస్ కింద గుడి ఏర్పాటు చేశారు. పాత గ్రీకు బొమ్మల్లో సాటిర్‌కు ఉన్నవి గుర్రం చెవులు, గుర్రం తోక, చప్పిడి ముక్కు, గడ్డం. కాళ్లు ఎక్కువగా మామూలు మనిషివే. సుమారు క్రీ.పూ. 570 నాటి ఫ్రాన్స్వా పాత్ర ఇప్పుడు ఫ్లోరెన్స్‌లో ఉంది. దాని మీద వీళ్ల కాళ్లు కూడా గుర్రానివే, పక్కన ‘సిలేనులు’ అని వీళ్ల మరో పేరు రాసి ఉంది. పాన్‌తోనూ రోమన్ ఫాన్‌తోనూ కలిసిపోయి, రానురాను గుర్రం పోయి మేక మిగిలింది.

తాగుబోతు అన్నది పూర్తిగా అబద్ధం కాదు. వాళ్లు ద్రాక్షసారా దేవుడు డయోనిసస్ పరివారం. కుండల మీద ఆడవాళ్ల వెంటపడుతూనే కనిపిస్తారు, ఆ ఆడవాళ్లు కర్రలతో వెళ్లగొడుతూ ఉంటారు. ఆ దౌర్జన్యాన్ని సరదాగా చూపించడం నాకు నచ్చదు. అలాగని దాన్ని తుడిచేసి సాటిర్‌ను బొద్దుగా ముద్దొచ్చే అడవి నేస్తంగా మార్చడమూ నచ్చదు. రెండింటికీ అవతల వాళ్లలో ఇంకోటి ఉంది, అది పిల్లల ఆశ్చర్యం లాంటిది. ఆథెన్స్ నాటకోత్సవాల్లో మూడు విషాదాంత నాటకాలయ్యాక అదే కవి రాసిన సాటిర్ నాటకం ఒకటి ఆడేవాళ్లు. పూర్తిగా మిగిలింది యూరిపిడిస్ ‘సైక్లాప్స్’ ఒక్కటే. సోఫోక్లిస్ రాసిన ఇంకొకటి ఈజిప్టులోని ఆక్సిరింకస్ చెత్తకుప్పల్లో పపైరస్ ముక్కలుగా దొరికి 1912లో అచ్చయింది. అందులో అపోలో దేవుడి ఆవులు పోతాయి. సాటిర్‌లు నేల వాసన చూస్తూ, గిట్టల జాడలు పట్టుకుని ఒక గుహ దాకా వస్తారు. లోపలి నుంచి ఎన్నడూ వినని చప్పుడు వినిపించి హడలిపోతారు. గుహలోంచి సిలీనీ అనే నింఫ్ వచ్చి, గోల చేయవద్దని కసిరి, అదేమిటో చెబుతుంది. నిన్నగాక మొన్న పుట్టిన హెర్మెస్ తాబేటి చిప్పతో చేసిన వాద్యం అది. లోకంలో మొదటి లైర్ నాదం.

సాటిర్, నింఫ్ ఒకే చోట ఉన్నారు, వెంటపడటం లేదు. సంగీతం అంటే ఏమిటో తెలియని ఒక గుంపుకి అది మొదటిసారి వినిపిస్తోంది. హెసియడ్ పేరున దొరికిన మరో ముక్కలో నింఫ్‌లు, సాటిర్‌లు ఒకే వంశంలో పుట్టినవాళ్లు. ఎందుకూ కొరగాని జాతి అని సాటిర్‌లను తిట్టిన చోటే ఆ చుట్టరికమూ ఉంది. అన్నదమ్ములుగా, అక్కచెల్లెళ్లుగా వాళ్లను రాసిన ఫాంటసీ నాకింతవరకు తారసపడలేదు.

అపోహ: పాత కథను మార్చడం అపచారం

‘మెడియా’ నాటకంలో కన్నతల్లే పిల్లల్ని చంపుతుంది. క్రీ.పూ. 431లో యూరిపిడిస్ అలా చూపించాడు. ఆ పిల్లల్ని రాళ్లతో కొట్టి చంపింది కొరింథు ప్రజలేనన్న కథను గ్రీకు యాత్రికుడు పౌసానియస్ నమోదు చేశాడు. మెడియా కిర్కేకు మేనకోడలు. ఆ కుటుంబంలో ఎవరి కథా ఒకే తీరుగా లేదు. మనకిది కొత్తేమీ కాదు. వాల్మీకిలో లేని ఊర్మిళ పద్నాలుగేళ్ల నిద్రను తెలుగింటి ఆడవాళ్లు పాటగా కట్టుకుని తరాలపాటు పాడుకున్నారు. వాళ్లు కథలో ఖాళీ ఎక్కడుందో చూసి అక్కడే పాట కట్టారు. కిర్కే కథలో ఖాళీ ఎక్కడుందో పైన చెప్పాను.

అపోహ: సొంత లోకం కట్టుకోవడం టోల్కీన్‌తో మొదలైన సరదా

టోల్కీన్ 1939లో సెయింట్ ఆండ్రూస్‌లో ఇచ్చిన ఉపన్యాసంలో, కల్పిత లోకానికి లోపలి పొందిక ఉండాలని వాదించాడు. నాలాంటి వాళ్లందరం ఆయనకు రుణపడ్డాం. కానీ ఈ పని ఆయనకంటే ఎంతో పాతది. ఆథెన్స్‌కు దక్షిణాన, హిమెట్టస్ కొండ వాలులో, వారీ అనే చోట ఒక గుహ ఉంది. క్రీ.పూ. అయిదో శతాబ్దంలో థేరా దీవి, అంటే ఇప్పటి సాంటొరీని నుంచి వచ్చిన ఆర్కెడమస్ అనే మనిషి ఆ గుహను నింఫ్‌ల కోసం తీర్చిదిద్దాడు. వాళ్లు చెబితేనే చేశానని రాతి మీద రాసుకున్నాడు. నింఫ్‌లు పట్టినవాడినని తనకు తానే పేరు పెట్టుకున్నాడు. మన దగ్గర ఒంటి మీదికి అమ్మవారు వచ్చిందంటామే, అలాంటి మాట. వాళ్ల కోసం ఒక తోట వేశాడు. మెట్లు దిగి వెళ్తే పాన్‌కూ నింఫ్‌లకూ రాతిలో చెక్కిన చోట్లున్నాయి. బలిచ్చిన జంతువు పేగులు బయట కడగండి, పేడ ఎత్తేయండి అని ఒక శాసనం కూడా ఉంది. లోకం కట్టుకున్నాక దాని నియమాలూ రాసిపెట్టుకోవాలిగా.

గోడ మీద ఒకచోట అతని బొమ్మ ఉంది. పొట్టి అంగరఖా, చేతుల్లో రాతి పనిముట్లు, పక్కన అతని పేరు. అతను ఇంకా పని మధ్యలోనే ఉన్నట్టుంటుంది.