హైదరాబాద్ లేని మ్యాప్

రాత్రి రెండున్నరకి నాన్నకి వాట్సాప్‌లో ఒక స్క్రీన్‌షాట్ పంపించాను. ఇండియా మ్యాప్. కన్యాకుమారి నుంచి నర్మద దాకా అంతా ఒకటే రంగు. మధ్యలో పెద్ద అక్షరాల్లో విజయనగరం. మూలన సంవత్సరం 1612. అంటే తళ్లికోట యుద్ధం జరగాల్సిన ఏడాది దాటి 47 ఏళ్లయినా హంపి చెక్కుచెదరలేదు. నాలుగు వారాంతాల నిద్ర తాకట్టు పెట్టి సాధించిన ఘనత అది!

నాన్న పెనుకొండలో సోషల్ టీచర్‌గా చేసి రిటైరయ్యాడు. పొద్దున లేచి చూస్తే జవాబు ఒక్క లైనే ఉంది. ‘బాగుందప్పా. కృష్ణదేవరాయలు యాడ?’

బ్రష్ నోట్లో పెట్టుకుని ఆ లైన్ మూడుసార్లు చదివాను. నిజమే. 168 ఏళ్ల ఆటలో ఆయన ఎక్కడా రాలేదు. అసలు పుట్టనే లేదు.

ఆ ఆట పేరు యూరోపా యూనివర్సాలిస్ 4. స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలో ఉండే పారడాక్స్ వాళ్లు 2013లో తెచ్చారు. ఫోన్‌లో కుదరదు, పీసీ ఉండాల్సిందే. ఇలాంటివాటిని గ్రాండ్ స్ట్రాటజీ గేమ్స్ అంటారు. గన్ పట్టుకుని పరిగెత్తడాలు ఉండవు. మ్యాప్ ముందు కూర్చుని ఒక రాజ్యాన్ని నడపాలి. పన్నులు, అప్పులు, పెళ్లి సంబంధాలు, తిరుగుబాట్లు, యుద్ధాలు అన్నీ మన నెత్తినే. మిగతా వందల రాజ్యాలను కంప్యూటర్ చూసుకుంటుంది. 1444 నవంబర్ 11న మొదలై 1821లో ఆగుతుంది.

ఆ తేదీయే ఎందుకంటారా? ముందురోజు, నవంబర్ 10న, ఇప్పటి బల్గేరియాలోని వర్నా దగ్గర ఒట్టోమన్ తురుష్కుల చేతిలో పోలెండ్, హంగరీల రాజు వ్లాదిస్లావ్ చనిపోయాడు. వయసు 20. పిల్లల్లేరు. చరిత్రలో ఆయన తమ్ముడు, లిథువేనియాను ఏలుతున్న కాజిమిర్, పోలెండ్ సింహాసనమూ ఎక్కాడు. ఆ రెండు దేశాలూ కొన్ని వందల ఏళ్లు కలిసి నడిచాయి. ఆటలో పోలెండ్ మొదట్లోనే ఒక చీటీ వస్తుంది: రాజుగా కాజిమిర్ కావాలా, లోకల్ దొర కావాలా? లోకల్ అని నొక్కితే లిథువేనియా దారి లిథువేనియాదే. ఒక్క క్లిక్‌తో తూర్పు యూరప్ మొత్తం మారిపోతుంది.

ఇలాంటి తలుపులు ఆ తేదీన బోలెడు తెరిచి ఉంటాయి. కాన్‌స్టాంటినోపుల్ పడిపోవడానికి ఇంకా తొమ్మిదేళ్లుంది. చేతిలో రెండు మూడు ముక్కల నేల మిగిలిన బైజాంటియంని తీసుకుని మళ్లీ రోమన్ సామ్రాజ్యం కట్టేయాలన్నది ఈ ఆట ఆడే సగం మంది కల. స్పెయిన్ మూలన ఒదిగి ఉన్న గ్రనాడాతో మొత్తం స్పెయిన్‌ని వెనక్కి గుంజుకోవచ్చు. జపాన్ దగ్గర చిన్న దీవుల రాజ్యం ర్యూక్యూతో ప్రపంచమంతా గెలిస్తే దానికో ప్రత్యేక బిరుదు కూడా పెట్టారు. అది సాధించినవాళ్ల ఓపికకి దండం.

అన్ని వింతలూ ఒక రకం కావు

ఈ కంపెనీ ఆటల్లో వింతలు రెండు దారుల్లో వస్తాయి. ఒకటి, తయారుచేసినవాళ్లే రాసిపెట్టిన వింత. క్రూసేడర్ కింగ్స్ 2 కోసం 2012లో ‘సన్‌సెట్ ఇన్వేజన్’ అని ఒక అదనపు ప్యాక్ వదిలారు. అందులో అజ్టెక్‌లు అట్లాంటిక్ దాటి వచ్చి యూరప్ మీద పడతారు. అదే ఆటలో రాజుకి మతి తప్పితే గ్లిటర్‌హూఫ్ అనే గుర్రాన్ని మంత్రిగా పెట్టుకోవచ్చు. నవ్వకండి, రోమ్ చక్రవర్తి కాలిగులా తన గుర్రానికి కాన్సుల్ పదవి ఇద్దామనుకున్నాడని పాత చరిత్రకారులే రాశారు. 1936లో మొదలయ్యే హార్ట్స్ ఆఫ్ ఐరన్ 4లో జర్మన్ జనరల్స్ హిట్లర్ మీద తిరగబడి, నెదర్లాండ్స్‌లో ప్రవాసంలో ఉన్న కైజర్‌ని వెనక్కి తెచ్చుకునే దారి ఉంది. బాగానే ఉంటాయి. కానీ రెండోసారికి సస్పెన్స్ తెలిసిన సినిమాలా అనిపిస్తాయి.

రెండో రకం ఎవరూ రాయని వింత. నాకు ఇదే ఇష్టం. వందల రాజ్యాలు ఒకే రూల్స్‌తో ఒకేసారి కదులుతుంటే, ఎక్కడో ఒక రాజు వారసుడు లేకుండా పోతాడు. పెళ్లి సంబంధం ఉన్న పక్క రాజు ఆ సింహాసనం కూడా తీసుకుంటాడు. దాంతో మూడో రాజుకి భయం పుట్టి నాలుగోవాడితో చెయ్యి కలుపుతాడు. వందేళ్ల తర్వాత చూస్తే మనకి అస్సలు తెలియని ప్రపంచం ఎదురుగా ఉంటుంది.

మనవైపే చూడండి. 1444లో సమర్‌ఖండ్ నుంచి ఇరాన్ దాకా తైమూర్ కొడుకు షారుఖ్ చేతిలో ఉంది. అసలు చరిత్రలో 1447లో పోయాడు. ఆటలో ఎప్పుడు పోతాడో పాచికలే చెప్పాలి. పోగానే కింది సామంతులు తలోదారి పడితే, ఆ వంశం మళ్లీ లేచి ఢిల్లీ దాకా రాకపోవచ్చు. బాబర్ ఎలాగూ 1483లో కదా పుట్టాలి! మొఘలులే రాని ఆటలు నేను బోలెడు చూశాను.

ఇక్కడే నాన్న ప్రశ్నకి జవాబు ఉంది. ఆట మొదలయ్యే రోజుకి బతికున్న రాజులు, వారసులు మాత్రమే నిజం మనుషులు. విజయనగరానికి రెండో దేవరాయలు ఉంటాడు. ఆ తర్వాత పుట్టేవాళ్లని ఎక్కువగా పాచికలే పుట్టిస్తాయి. పరిపాలన, దౌత్యం, యుద్ధం అని మూడు విద్యల్లో సున్నా నుంచి ఆరు దాకా మార్కులు వేసి ఒక పేరు తగిలిస్తాయి. అసలు చరిత్రలో సంగమ వంశం 1485లో పడిపోయింది, సాళువలు వచ్చారు, వాళ్లని దాటి తుళువలు వచ్చారు, అప్పుడు 1509లో కృష్ణదేవరాయలు గద్దెనెక్కాడు. అంటే రెండు వంశాలు కూలితేగానీ ఆయన రాడు. నేనేమో రాజ్యాన్ని పొందిగ్గా చూసుకున్నాను. సంగమ వంశం కూలలేదు. ఆముక్తమాల్యద రాసేవాడు లేడు.

ఇంకా ఉంది. బహమనీ సుల్తానులని 1480లోపే మింగేశాను. అది ముక్కలవ్వలేదు కాబట్టి గోల్కొండ సుల్తానులు లేరు. వాళ్లు లేరు కాబట్టి 1591లో హైదరాబాద్ కట్టే మహమ్మద్ కులీ లేడు. చార్మినార్ లేదు. నేను ఈ ఆట ఆడింది హైదరాబాద్ మణికొండలో ఒక పీజీ రూమ్‌లో. మ్యాప్‌లో నా రూమ్ ఉన్న చోటు విజయనగరం రంగులో వెలుగుతోంది. అక్కడ ఊరే లేదు!

నాన్న ఫోన్ చేశాడు

ఆదివారం ఫోన్‌లో ఇదంతా చెప్పాను. నాన్న కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ‘అయితే మన ఊరు గూడా రాజధాని కాదు కదప్పా’ అన్నాడు.

నాకు తట్టనే లేదు. 1565లో ఓడాక రామరాయల తమ్ముడు తిరుమలరాయలు సామాన్లు, పరివారంతో పెనుకొండ చేరాడు. అప్పటినుంచి రాజధాని మాదే. చిన్నప్పుడు నాన్న సైకిల్ మీద కూర్చోబెట్టుకుని గగన్ మహల్‌కి తీసుకెళ్లి చెప్పిన కథలన్నీ అక్కడివే. హంపిని కాపాడి మా ఊరి వైభవం నేనే చెరిపేశానన్నమాట.

మరి తళ్లికోట ఆటలో జరుగుతుందా? ఆ పేరుతో కాకపోయినా, జరుగుతుంది. ఎవరైనా గబగబా పక్క రాజ్యాలు లాక్కుంటూ పోతే చుట్టుపక్కలవాళ్ల మనసులో ఒక అంకె పెరుగుతూ ఉంటుంది. అది 50 దాటి, మనమంటే వాళ్లకి మంట పుడితే, అందరూ ఒక కూటమి కడతారు. తర్వాత ఒకడి మీదికి వెళ్తే అందరూ వస్తారు. నా మొదటి నాలుగు ఆటలూ ఇలాగే పోయాయి. బలం ఉంది కదా అని ఆగకపోవడమే తప్పు.

నాన్నకి ఈ రూల్ మాత్రం తెగ నచ్చింది. ‘అళియ రామరాయలు చేసిందదే’ అన్నాడు. కానీ ఆట లెక్కలో ఇమడని సంగతులు ఆయన దగ్గర చాలా ఉన్నాయి. రామరాయల మీదికి వచ్చినవాళ్లు ముక్కూముఖం తెలియని శత్రువులేం కాదు. గోల్కొండ ఇబ్రహీం కులీ కుతుబ్‌షా సుల్తాను కాకముందు, ప్రాణభయంతో పారిపోయి ఏడేళ్లు విజయనగరంలోనే తలదాచుకున్నాడు. ఆశ్రయమిచ్చింది రామరాయలే. బీజాపూర్ అలీ ఆదిల్‌షాని రామరాయల భార్య కొడుకుగా చూసుకుందని ఫరిష్తా రాశాడు. ఆ అలీకే అహ్మద్‌నగర్ సుల్తాను తన కూతురు చాంద్‌బీబీనిచ్చి పెళ్లి చేశాడు. షోలాపూర్ కోట కట్నం. ఇంకో కూతురు ఇబ్రహీం ఇంటికి వెళ్లింది. అలా కుదిరిన కూటమి 1565 జనవరిలో కృష్ణ దాటింది. రామరాయల తల నరికించింది కూడా ఆ అహ్మద్‌నగర్ మామగారే.

‘ఇది ఆటలో వస్తే నమ్ముతావా?’ అని అడిగాడు నాన్న. నమ్మను. సినిమా టైపు ట్విస్ట్ పెట్టారు అని స్క్రీన్‌షాట్ తీసి నవ్వుకునేవాణ్ని.

ఇంకో మాట. విజయనగరాన్ని కూల్చిన ఆ ఇబ్రహీంనే తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధరకవి తపతీ సంవరణోపాఖ్యానం ఆయనకే అంకితమిచ్చాడు. ఆయన దగ్గరి అమీన్‌ఖాన్ ప్రోత్సాహంతో పొన్నిగంటి తెలగన యయాతి చరిత్రని అచ్చతెలుగులో రాశాడు. విజయనగరంలో గడిపిన ఏడేళ్లలో ఆయన చెవిన పడ్డ తెలుగు ఎంతో, ఏ అంకెలో పెడతాం? ఆటలో ఆయనకీ దౌత్యానికి నాలుగో ఐదో మార్కులు పడతాయి, అంతే.

నేను ఈ ఆటని తక్కువ చేయట్లేదు. తళ్లికోట గురించి పదో తరగతిలో నేను నేర్చుకున్నది ఒక తేదీ, రెండు మార్కుల బిట్టు. కూటమి చేతిలో నాలుగుసార్లు తన్నులు తిన్నాకే, ఆ నలుగురు సుల్తానులు ఎందుకు కలిశారన్నది నాకు ఒంటికి పట్టింది.

ఒక వెసులుబాటుంది. ఈ ఆటని 1444 నుంచే మొదలెట్టాలని లేదు, మధ్యలో ఏ తేదీ అయినా ఎంచుకోవచ్చు. 1510 అని పెడితే కృష్ణదేవరాయలు సింహాసనం మీద రెడీగా ఉంటాడు. నాన్నకి అదే చెప్పాను. వద్దన్నాడు. సంక్రాంతికి ఊరొచ్చేటప్పుడు ల్యాప్‌టాప్ తెమ్మన్నాడు.

‘1564 నుంచి పెట్టు. ఫస్టు ఆ ఇబ్రహీంతో మాట్లాడుదాం.’