మడతబందు మీద ఎగిరే యంత్రం

రిమోట్ ఆటోగైరో మొదటిసారి కట్టాలనుకునేవాళ్లు ఎక్కువగా ఆకారం చూసి మనసు పారేసుకుంటారు. పాతకాలపు ముక్కు ఇంజనుతో ఉన్నది ఒకరికి నచ్చుతుంది, వెనక నుంచి నెట్టే ప్రొపెల్లరుతో గొట్టాల చట్రంలా ఉండేది ఇంకొకరికి. నేనైతే బాడీ సంగతి తర్వాత, ముందు పైనున్న హబ్ చూడమంటాను. బ్లేడ్లు ఇరుసుకు ఎలా తగులుకుని ఉన్నాయి? పైకీ కిందికీ ఎంత సులువుగా ఊగగలవు? మోడల్ ఎగురుతుందా, పక్కకు దొర్లి నేలను తాకుతుందా అన్నది అక్కడే తేలిపోతుంది. ఈ సంగతిని చాలా మూల్యం చెల్లించి తెలుసుకున్నవాడు స్పెయిన్ ఇంజనీరు హువాన్ దె లా సియెర్వా. ఆయనకు దాన్ని నేర్పింది కూడా ఒక చిన్న మోడలే.

హబ్ దగ్గరికి వెళ్లే ముందు, పిల్లలకు ఈ యంత్రం చూపించిన ప్రతిసారీ వచ్చే ప్రశ్న ఒకటి తేల్చుకోవాలి. "సార్, మోటారు ముక్కున ఉంది కదా, మరి పైనున్న ఫ్యాన్‌ను ఎవరు తిప్పుతున్నారు?" ఎవరూ తిప్పడం లేదు. హెలికాప్టరుకూ దీనికీ ఉన్న తేడా అంతా ఇదే. హెలికాప్టరు రోటరు గాలిని పై నుంచి పీల్చి కిందికి తోస్తుంది. ఆటోగైరో రోటరు కాస్త వెనక్కి వాలి ఉంటుంది. ముక్కునున్న మోటారు యంత్రాన్ని ముందుకు లాగుతుంటే గాలి కింది నుంచి ఆ రోటరు గుండా పైకి దూసుకుపోతుంది. ఆ గాలికే అది తిరుగుతుంది.

కింది నుంచి గాలి వస్తే బ్లేడు వెనక్కి తిరగాలి గానీ ముందుకెందుకు తిరుగుతుంది? మంచి ప్రశ్న. ఇంజను లేని గ్లైడరును తలుచుకోండి. అది కొద్దికొద్దిగా దిగుతూ పోతుంది కాబట్టి గాలి దానికి కాస్త కింది నుంచి తగులుతుంది. పైకి లేపే బలం, అంటే లిఫ్ట్, ఎప్పుడూ వచ్చే గాలికి లంబంగానే పుడుతుంది. అందుకని ఆ బలం నిటారుగా నిలవక కొంచెం ముందుకు వాలుతుంది, ఆ వాలే గ్లైడరును వెనక్కి లాగే డ్రాగ్‌ను తట్టుకుంటుంది. ఆటోగైరో బ్లేడు ఇరుసుకు కట్టేసిన గ్లైడరే. గుండ్రంగా తిరుగుతూ ఎప్పటికీ దిగుతూనే ఉంటుంది. మాధవీలత కాయ మూడు రెక్కలతో గిరగిరా తిరుగుతూ నేలకు దిగడం చూసినవాళ్లు ఈ పనినే చూశారు.

బ్లేడు పొడవునా ఒకే పని జరగదు. ఇరుసు దగ్గర వేగం తక్కువ, గాలి మరీ నిలువుగా తగిలి ఆ భాగం లిఫ్ట్ కోల్పోతుంది, అంటే స్టాల్ అయిపోతుంది. కొసన వేగం ఎక్కువ, గాలి దాదాపు అడ్డంగా వస్తుంది, అక్కడ డ్రాగ్‌దే పైచేయి. రోటరును నడిపించేది నడిమి భాగం. వేగం పెరిగిందా, కొసన డ్రాగ్ లాగే భాగం లోపలికి పాకి దాన్ని నెమ్మదింపజేస్తుంది. తగ్గిందా, నడిమి భాగం విస్తరించి మళ్లీ అందుకుంటుంది. ఏ వేగ నియంత్రకమూ లేకుండా గాలే వేగాన్ని సరిచూసుకోవడం నాకు ఎన్నిసార్లు తలుచుకున్నా తనివి తీరని సంగతి.

ఇక సియెర్వా కష్టం. 1919లో ఆయన కట్టిన మూడు ఇంజన్ల విమానం నేలకు దగ్గరగా స్టాల్ అయి కూలింది. వేగం తగ్గినా పడిపోని విమానం కావాలన్న పట్టుదల అప్పుడు పుట్టింది. రెక్క తనంతట తాను తిరుగుతుంటే విమానం నెమ్మదించినా రెక్కకు వేగం ఉంటుంది కదా. ఆలోచన బాగానే ఉంది, యంత్రాలు మాత్రం ఒకదాని తర్వాత ఒకటి పక్కకు దొర్లాయి.

కారణం లెక్కలో ఉంది. మన మోడల్ బ్లేడు కొస గంటకు 100 కిలోమీటర్ల వేగంతో తిరుగుతోందనీ, మోడల్ 30తో ముందుకు పోతోందనీ అనుకుందాం. ముందుకు వచ్చే బ్లేడు కొసకు తగిలే గాలి 130, వెనక్కి పోయే దానికి 70. లిఫ్ట్ వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే ఒక పక్క కొసన రెండో పక్క కంటే దాదాపు మూడున్నర రెట్లు. బ్లేడ్లను ఇరుసుకు బిగించేస్తే ఆ తేడా అంతా యంత్రాన్ని దొర్లిస్తుంది.

అయితే ఆయన రబ్బరు శక్తితో నడిచే చిన్న మోడల్ మాత్రం చక్కగా ఎగిరింది. దాని బ్లేడ్లు పేముతో చేసినవి, వంగుతాయి. అసలు యంత్రం బ్లేడ్లు గట్టివి, వంగవు. ఈ తేడా ఆయనకు మాడ్రిడ్‌లో ఓపెరా చూస్తుండగా తట్టిందని కథగా చెబుతారు. ఎక్కడ తట్టినా, విరుగుడు మాత్రం తలుపుకుండే మడతబందు లాంటిదే. బ్లేడు మొదట్లో దాన్ని బిగిస్తే, ముందుకొచ్చే బ్లేడు ఎక్కువ లిఫ్ట్‌తో పైకి లేస్తుంది. లేస్తున్నప్పుడు గాలి తగిలే కోణం తగ్గి లిఫ్ట్ తగ్గుతుంది. వెనక్కిపోయేది దిగుతుంది, దాని కోణం పెరుగుతుంది. రెండు పక్కలూ సరిసమానమవుతాయి. బ్లేడ్లు గొడుగులా ముడుచుకుపోకుండా అపకేంద్ర బలం బయటికి లాగి పట్టుకుంటుంది. 1923 జనవరిలో మడతబందులున్న ఆయన ఆటోగైరో సి-4 మాడ్రిడ్ దగ్గరి హెతాఫేలో పైలట్ గోమెజ్ స్పెన్సర్ చేతిలో ఎగిరింది. కొద్ది రోజులకే గాల్లో ఇంజను ఆగిపోతే, కూలకుండా మెల్లగా నేలకు దిగింది. సియెర్వా కోరుకున్నది సరిగ్గా అదే.

తర్వాతి కథ గబగబా చెప్పేస్తాను. 1925లో ఇంగ్లండులో ప్రదర్శన, 1928లో ఇంగ్లిష్ ఛానెల్ దాటడం. 1927లో ఒక బ్లేడు ఊడిపోయాక ముందువెనకలకు కదిలే రెండో బందు కూడా వచ్చింది. 1930లలో సి-30 వచ్చి రెక్కలనూ ఎలివేటరునూ తీసేసి, రోటరునే వాల్చి యంత్రాన్ని తిప్పింది. 1936 డిసెంబరులో లండన్ దగ్గరి క్రాయ్‌డన్‌లో ప్రయాణికుల విమానం కూలి సియెర్వా పోయాడు, అప్పటికి ఆయనకు 41 ఏళ్లు. ఆయన బందులను హెలికాప్టర్లు అందిపుచ్చుకున్నాయి. అమెరికాలో సియెర్వా పేటెంట్ల హక్కులు తెచ్చుకుని ఆటోగైరోలు కట్టిన హెరాల్డ్ పిట్‌కెర్న్, రోటరు పేటెంట్లను వాడుకున్నందుకు ప్రభుత్వం మీద వేసిన దావా ఆయన పోయిన 17 ఏళ్లకు, 1977లో గానీ ముగియలేదు. గెలుపు ఆయన పక్షానిదే.

ఇప్పుడు మన మొదటి మోడల్. నా ఎంపిక: ముక్కున మోటారు, ఒకే రోటరు, మూడు బ్లేడ్లు, రోటరు వ్యాసం 80 సెంటీమీటర్ల నుంచి మీటరు లోపు, సి-30 పద్ధతిలో రెండు సర్వోలతో (చిన్న కంట్రోలు మోటార్లతో) వాలే హబ్. మోటారు ముక్కున ఉంటే బరువు కుదర్చడం తేలిక, ప్రొపెల్లరు గాలి తోక మీదుగా పోయి చుక్కానికి పట్టునిస్తుంది. వెనక నుంచి నెట్టేది అందంగా ఉంటుంది, కానీ దాన్ని రెండో మోడల్‌కు ఉంచుకోండి. పక్కపక్కన రెండు రోటర్లు ఎదురెదురు దిశల్లో తిరిగేవి దొర్లుడును ఒకదానికొకటి రద్దు చేసుకుంటాయి, వాటిని మెచ్చుకునేవాళ్లున్నారు. అయినా మడతబందు చేసే పని కళ్లారా చూడాలంటే ఒక రోటరే కావాలి.

అంత చిన్న హబ్‌కు నిజం బందులు అక్కర్లేదు. సర్క్యూట్ బోర్డులకు వాడే ఫైబర్‌గ్లాస్ రేకును మూడు చేతులుగా కోసి బ్లేడ్లను వాటికి బిగిస్తారు, రేకు వంగుడే బందు. మంచి ప్లానులో ఆ వంగే గీత బ్లేడుకు అడ్డంగా కాక ఏటవాలుగా ఉంటుంది. దానివల్ల బ్లేడు లేచినప్పుడల్లా దాని ముందంచు కాస్త దిగి, లిఫ్ట్ ఇంకొంచెం తగ్గుతుంది. కొనబోయే కిట్‌లో నేను మొదట వెతికేది ఆ ఏటవాలు గీతనే. దాని తర్వాత బ్లేడు కోణం. ముందంచు ఒకటి రెండు డిగ్రీలు కిందికి ఉండేలా సన్నని చీలిక పెట్టి ఉండాలి. లేకపోతే చిన్న బ్లేడు తక్కువ వేగంలో స్టాల్ అయి అసలు తిరగడం మొదలుపెట్టదు.

ఎగరేసే రోజు గాలికి ఎదురుగా నిలబడి, రోటరును వెనక్కి వాల్చి, చేత్తో ఒకసారి తిప్పి ఆగండి. బ్లేడ్లు విడివిడిగా కనిపించనంత వేగం వచ్చేదాకా వదలకండి. తొందరపడితే మోడల్ వెనక్కిపోయే బ్లేడు ఉన్న పక్కకు దొర్లుతుంది. మొదటి రోజు విరిగే మోడళ్లలో ఎక్కువ ఇలాగే విరుగుతాయి. విమానాలు ఎగరేసి అలవాటైన చేతికి ఇంకో జాగ్రత్త. భయపడినప్పుడు ముక్కు కిందికి నెట్టకూడదు. నెడితే కింది నుంచి వచ్చే గాలి ఆగి రోటరు నెమ్మదిస్తుంది, నెమ్మదించిన రోటరు మీద ఎగరడానికేమీ మిగలదు. థ్రాటిల్ తగ్గించి, స్టిక్కును కాస్త వెనక్కి పట్టుకుంటే తనంతట తాను దిగుతుంది.

బ్లేడ్లు మాత్రం మూడు చేసి ఊరుకోకండి. ఒకే బాల్సా పలక నుంచి ఒకేసారి ఆరు కోసి, ఒక్కొక్కదాన్నీ తూచి, తేలికగా ఉన్నదాని కొసకు టేపు ముక్క అంటించి బరువు సమానం చేసి పెట్టుకోండి.