చిత్రశాలాధిపతి ఎల్. వి. ప్రసాద్

చలనచిత్రమన్నంతనే మనకు నటీనటులు స్ఫురింతురు. కాని చిత్రము తయారగుటకు చిత్రీకరణ స్థలము, శబ్దగ్రహణ యంత్రములు కావలెను; ఫిల్ము వాడుకలోనున్న కాలమున దానిని కడిగి ప్రతులు తీయు రసాయనశాలయు కావలసియుండెను. వీనిని సమకూర్చి నడపువాడే స్టూడియో అధిపతి. తెలుగువారిలో అట్టి ప్రముఖులు ఎల్. వి. ప్రసాద్ గారు.

వీరి పూర్తి పేరు అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు. ఏలూరు సమీపమునగల సోమవరప్పాడులో 1908 జనవరి 17న జన్మించిరి. నాటకములపై మక్కువతో యౌవనముననే బొంబాయి చేరి, ఒక చిత్ర సంస్థలో చిల్లర పనులు చేయు కుఱ్ఱవానిగా కుదిరిరి. అచ్చట తెలుగు వినబడుట అరుదు. అయినను ఆ నగరమే వారికి పాఠశాల ఆయెను. తొలి హిందీ టాకీ 'ఆలం ఆరా' (1931), తొలి తమిళ టాకీ 'కాళిదాస్' (1931), తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' (1932) - ఈ మూడింటను వేషములు ధరించిరి.

పిదప మద్రాసులో దర్శకులై 'సంసారం', 'మిస్సమ్మ' వంటి చిత్రములు తీసిరి. 1956లో ప్రసాద్ ప్రొడక్షన్సును, 1965లో ప్రసాద్ స్టూడియోను నెలకొల్పిరి. తరువాత రంగుల చిత్రముల రసాయనశాలను చేర్చిరి. పలు భాషల చిత్రములు అచ్చట రూపు దిద్దుకొనెను. 1981లో వారు నిర్మించిన 'ఏక్ దూజే కే లియే' భాషలు వేరైన యువతీయువకుల గాథయే. 1982 సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము వారిని వరించెను. హైదరాబాదులో 1987లో వెలసిన నేత్ర చికిత్సాలయమునకు భూమిని, ధనమును ఒసగిరి. 1994 జూన్ 22న పరమపదించిరి.

ఇంట తెలుగు, అంగడిలో మరాఠీ పలుకు కర్ఖేలి విద్యార్థులకు ఈ జీవితము పరాయిది కాదు. ప్రసాద్ గారు తెలుగును విడువలేదు. అన్యభాషలకు వెఱవనూ లేదు.