గృహ ప్రొజెక్టరులో చిత్రం సర్దుబాటు

సినిమాలను, టీవీ ఛానెళ్లను ఇంటిలోనే పెద్ద తెరపై చూపే పరికరం గృహ ప్రొజెక్టరు. చిత్రం సహజంగా కనబడాలంటే ఆకారం, వెలుగు, రంగు అనే మూడింటిని ఇదే వరుసలో సరిచేయాలి.

ఆకారం

ప్రొజెక్టరును తెరకు సూటిగా నిలపాలి. ఏటవాలుగా ఉంచి, వంకరను కీస్టోన్ సదుపాయంతో సరిచేస్తే స్పష్టత కొంత తగ్గుతుంది. తరువాత వెడల్పు, ఎత్తుల నిష్పత్తిని చూడాలి. నేటి ప్రొజెక్టర్లలో ఇది ఎక్కువగా 16:9. మాయాబజార్ (1957) మూలచిత్రం నిష్పత్తి దాదాపు 4:3. దానిని తెర నిండా సాగదీస్తే పాత్రధారులు సుమారు మూడోవంతు లావుగా కనబడతారు. తొలి తెలుగు సినిమాస్కోప్ చిత్రమైన అల్లూరి సీతారామరాజు (1974)ను జూమ్ చేసి తెర నింపితే వెడల్పులో దాదాపు నాలుగోవంతు కనబడకుండా పోతుంది. కనుక అంచులలో మిగిలే నల్లపట్టీలు లోపం కాదు. ఛానెళ్ల విషయంలో ఈ సాగదీత సెట్-టాప్ బాక్సులోనే జరుగుతూ ఉండవచ్చు. ముందుగా దాని మెనూను పరిశీలించాలి.

వెలుగు, రంగు

బ్రైట్‌నెస్ నలుపును, కాంట్రాస్ట్ తెలుపును నిర్ణయిస్తాయి. గదిని చీకటి చేసి, నల్లని జుట్టులో పాయలు తెలిసేవరకు బ్రైట్‌నెస్‌ను పెంచాలి. నలుపు బూడిదరంగుకు తిరగక ముందే ఆపాలి. తెల్లపంచె మడతలు చెరిగిపోనంత వరకే కాంట్రాస్ట్‌ను పెంచాలి. ముఖఛాయను బట్టి రంగును చివరగా సరిచేయాలి.

శుభ్రత

పెనుకొండ, ధర్మవరం, హిందూపురం వంటి వర్షాభావ ప్రాంతాలలో దుమ్ము ముఖ్య సమస్య. కటకంపై దుమ్ము పేరుకుంటే చిత్రం మసకబారుతుంది. గాలి వడపోతలో నిండితే పరికరం వేడెక్కుతుంది. శుభ్రం చేయకుండా సెట్టింగులు ఎంత మార్చినా ప్రయోజనం ఉండదు.